సైలస్ గ్రీవ్ హాజరు

డాక్టర్ వాసుదేవరావు గారితో నా పరిచయం చిన్న తగాదాతో మొదలైంది. సాల్ట్ లేక్ పక్కనున్న సౌత్ జోర్డన్ గుళ్ళో ఆ ఆదివారం పులిహోర వడ్డించే వంతు నాది. పొడుగ్గా, సన్నగా, మెడదాకా గుండీలు పెట్టుకున్న ఒక పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువైందమ్మాయ్" అన్నారు. "డెబ్బై దాటినవాళ్ళకి ఇదే ఎక్కువండీ" అన్నాను. వినపడలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి గట్టిగా అనేసరికి లైన్లో ఉన్న నలభై మందికీ వినపడింది. ఆయన మాత్రం, "అలాగే, ఇంకో గరిటె వెయ్యి" అని ప్లేటు చాచారు.

నేను లీహైలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరో రాసిన దాంట్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ బుద్ధి ఆఫీసులో వదిలేసి రాలేనని మా ఇంట్లోవాళ్ళు సణుగుతారు. ఆ రోజు ఆయనలో పట్టుకున్న తప్పు చెవుడు. "మెషిన్ పెట్టుకోరాదూ?" అంటే, "మా అమ్మాయి విద్య కొని పంపింది. డ్రాయర్లో ఉంది" అన్నారు. "డ్రాయర్‌కి బాగా వినపడుతోందా?" అన్నాను. ఈసారి ఎలా వినపడిందో గానీ గట్టిగా నవ్వారు. అప్పటినుంచి రెండు వారాలకోసారి శనివారం ఆయన ఇంటికి వెళ్ళడం అలవాటైంది.

ఆయన ఊరు సాల్ట్ లేక్‌కి తూర్పున, కొండల్లో, ఎకో కాన్యన్‌కి కూతవేటు దూరంలో ఉంది. పేరు రాయనని మాటిచ్చాను. తొమ్మిది వందల మంది జనం, ఒక పెట్రోలు బంకు, ఒక చర్చి, మూతబడిన బడిలో ఒక మ్యూజియం. 1981లో అక్కడికి రావడానికి ఏ డాక్టరూ ఒప్పుకోలేదట. చికాగోలో ట్రైనింగ్ ముగించిన వాసుదేవరావు గారు, భార్య ఆండాళ్ గారిని కార్లో కూర్చోబెట్టుకుని మంచులో దిగారు. ముప్ఫై రెండేళ్ళు ఆ ఊరి కాన్పులూ, విరిగిన కాళ్ళూ, ముసలివాళ్ళ ఆఖరి చూపులూ అన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచాయి. రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు.

ఊరందరూ మోర్మన్లు, సొంత ప్రవక్త ఉన్న ఒక క్రైస్తవ శాఖవాళ్ళు. మంచి మనుషులు. చర్చికి రమ్మని మొదటి పదేళ్ళూ పిలిచారు. "నేను వైష్ణవుణ్ణి. నన్ను పట్టించుకోవడానికి మా దేవుడికే తీరిక లేదు, మీ దేవుణ్ణి కూడా ఎందుకు ఇబ్బంది పెట్టడం" అని ఆయన తప్పించుకునేవారు. ఆండాళ్ గారు పోయాక నలభై రోజులు ఎవరో ఒకరు వేడివేడిగా గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టారు. ఇప్పటికీ ఆయన నిద్ర లేచేలోపు వాకిట్లో మంచు ఎవరో తోసేసి వెళ్తారు. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పలకరించేవాళ్ళకి కొదవలేదు. "ఏవండీ" అని పిలిచేవాళ్ళే లేరు. తెలుగు మాట్లాడకపోతే నాలుక మొద్దుబారుతుందని, పొద్దున్నే బీపీ చూసుకుని ఆ అంకెలు తెలుగులో పైకి చదివేవారు. నూట ముప్ఫై ఎనిమిది, ఎనభై నాలుగు. చాలా రోజులు ఆ ఇంట్లో వినిపించే తెలుగు అంతే.

విద్య అల్ఫారెట్టాలో ఉంటుంది. నేనున్నప్పుడే ఒకసారి స్పీకర్ ఫోన్లో, "నాన్నా, ప్లీజ్, ఇక్కడికి మూవ్ అవ్వు. ఇక్కడ ఎవ్రీబడీ తెలుగు మాట్లాడతారు" అంది. "మాట్లాడతారమ్మా. మీ అమ్మని ఎరిగినవాళ్ళు ఎవరున్నారక్కడ?" అన్నారాయన. "ఐ నో హర్, నాన్నా" అంది ఆ పిల్ల. ఆయనకి వినపడలేదు. నేను మళ్ళీ చెప్పలేదు. చెప్పాల్సింది.

ఆండాళ్ గారు ఆ ఊళ్ళో సంపాదించుకున్న చోటు ఏమిటో చెప్పాలంటే ముందు ఒక సైన్యం కథ చెప్పాలి.

మోర్మన్లని మిస్సోరీలో తరిమికొడితే ఇలినాయ్ వెళ్ళి, మిసిసిపీ ఒడ్డున నావూ అనే పట్నం కట్టుకున్నారు. ఈసారి ఎవరూ తరమకుండా ఉండాలని, రాష్ట్రం ఇచ్చిన చార్టర్ అనే అధికారపత్రం చూపించి 1841లో సొంతంగా ఒక సైన్యం పెట్టుకున్నారు. దాని పేరు నావూ లెజియన్. కాగితం మీద రాష్ట్ర పౌరసేన, మనసులో మాత్రం మతం సైన్యం. అంత సైన్యం పక్కన ఉంటే ఇరుగుపొరుగుకి నిద్ర పడుతుందా? మూడేళ్ళకే వాళ్ళ ప్రవక్తని జైల్లో ఉండగా గుంపు వచ్చి చంపేసింది. తర్వాత చార్టర్ పోయింది, ఊరు పోయింది. బళ్ళు కట్టుకుని ఎవరికీ అక్కర్లేని ఈ ఉప్పు సరస్సు ఎడారికి వచ్చి పడ్డారు. ఇక్కడా లెజియన్ మళ్ళీ పుట్టింది.

1857లో వాషింగ్టన్ ప్రభుత్వం వీళ్ళు తిరుగుబాటు చేస్తున్నారని నమ్మి సైన్యాన్ని పంపింది. ఆ సైన్యం లోపలికి రావాలంటే దారి ఎకో కాన్యన్. ఎర్రటి కొండల మధ్య ఇరుకు సందు. లెజియన్ మనుషులు కొండల మీద రాళ్ళు పేర్చి గోడలు కట్టి, తుపాకులు పట్టుకుని కూర్చున్నారు. ఆ గోడల్లో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ముందుకెళ్ళినవాళ్ళు సైన్యం సామాన్ల బళ్ళు తగలబెట్టారు. సైన్యం మంచులో ఇరుక్కుపోయింది. వసంతంలో వాషింగ్టన్ పంపిన కొత్త గవర్నరు ఒక్కడూ రాజీకి కాన్యన్ దాటి వస్తుంటే, వీళ్ళు రాత్రిపూట దారి పొడుగునా నెగళ్ళు వేసి, ఉన్న కొద్దిమందే ఒక నెగడు దగ్గర కనిపించి, చీకట్లో పరిగెత్తి, ముందు నెగడు దగ్గర మళ్ళీ కనిపించారని చెప్పుకుంటారు. గవర్నరు వేలమంది ఉన్నారనుకున్నాడట. అక్కడ పెద్ద యుద్ధమే జరగలేదు.

డాక్టరు గారి ఊరి నుంచి కాన్యన్‌కి వెళ్ళిన దళంలో, వాళ్ళ మాటలో కంపెనీలో, అరవై రెండు మంది. ఏటా జూలై ఇరవై నాలుగున, వాళ్ళ పూర్వీకులు ఈ ఎడారికి చేరిన పయనీర్ డే నాడు, మ్యూజియం ముందు పచ్చికలో ఆ అరవై రెండు పేర్లూ పిలుస్తారు. ఎవరి వంశంవాళ్ళు వాళ్ళ ముత్తాత పేరు రాగానే లేచి "హియర్" అని అరుస్తారు. పిలిచినవాళ్ళు రిజిస్టర్లో టిక్కు పెడతారు. మన బళ్ళో హాజరు పట్టీ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది ఆ రిజిస్టరు. పేరుకో వరుస, ఏడాదికో గడి.

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ పిలుపు లారూ అనే ఆవిడది. అంతకుముందు వాళ్ళ నాన్నది. ఆవిడకిప్పుడు ఎనభై ఒకటి. చూడ్డానికి గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది, గొంతు విప్పితే మైకు దండగ. పేర్లు పిలిచే ముందు ప్రతి ఏడూ ఆవిడ రెండు వాక్యాలు చదువుతుంది. అదే 1857 సెప్టెంబరులో, దక్షిణాన మౌంటెన్ మెడోస్‌లో, ఇదే లెజియన్ మనుషులు కాలిఫోర్నియా పోతున్న బిడారుని తెల్లజెండాతో నమ్మించి, సుమారు నూట ఇరవై మందిని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా, చంపేశారని. మొదటిసారి చదివినప్పుడు రెండు కుటుంబాలు లేచి వెళ్ళిపోయాయట. "మన కంపెనీ అక్కడ లేదు కదా, పండగపూట ఎందుకు?" అని అడిగినవాళ్ళకి ఆవిడ చెప్పే జవాబు ఒకటే. "అది చదవకపోతే మిగతా రిజిస్టరు కూడా అబద్ధమే."

ఆ అరవై రెండింట్లో యాభై మూడో పేరు సైలస్ గ్రీవ్. ఆ పేరుకి పలికేవాళ్ళు లేరు. మోర్మన్లు చనిపోయిన బంధువుల్ని వెతకడంలో మన పెళ్ళిళ్ళ పేరయ్యల్ని మించినవాళ్ళు. అయినా సైలస్‌కి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, సమాధి లేదు, జనాభా లెక్కల్లో ఊసు లేదు. ఆ పేరు వచ్చినప్పుడు లారూ వాళ్ళ నాన్న కాసేపు ఆగి, గొంతు సవరించుకుని, తర్వాతి పేరుకి వెళ్ళేవాడు.

1982 జూలైలో ఆండాళ్ గారు మొదటిసారి ఆ పచ్చికలో కూర్చున్నారు. ఊళ్ళోకి వచ్చి ఏడాది కాలేదు, ఇంగ్లీషు ఇంకా బెరుగ్గానే ఉంది. ఎర్రంచు పట్టుచీర, దాని మీద స్వెట్టరు. పేర్లు పిలుస్తున్నారు, పలుకుతున్నారు. "సైలస్ గ్రీవ్!" ఎవరూ పలకలేదు. లారూ నాన్న ఆగాడు. ఆ ఆగడం ఆవిడ భరించలేకపోయారు. బందరు కాలేజీలో బీఎస్సీ మూడేళ్ళూ సినిమాకి చెక్కేసిన స్నేహితురాళ్ళకి హాజరు పలికిన నోరు అది. "ప్రెజెంట్ సార్!" అని అరిచేశారు.

ఊరంతా వెనక్కి తిరిగి చూసింది. వాసుదేవరావు గారికి భూమిలోకి కుంగిపోవాలనిపించిందట. "కూర్చోవే బాబూ" అని కొంగు పట్టి లాగారు. లారూ నాన్న కళ్ళజోడు మీదుగా ఆవిడకేసి చూసి, పెన్సిల్ తీసి టిక్కు పెట్టి, పక్కన చిన్నగా A అని రాశాడు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. చచ్చిపోయినవాళ్ళ బదులు బతికున్నవాళ్ళు నిలబడడం వాళ్ళ మతంలో ఉన్న ఆచారమే. మనావిడ దొంగ హాజరు పలికే విద్య చూపించింది, వాళ్ళకి అది పుణ్యకార్యంలా కనిపించింది.

అప్పటినుంచి సైలస్ ఆండాళ్ గారి మనిషి. "మావాడు" అనేవారట. "మావాడికి పాపం ఎవరూ లేరండీ, ఆ చలిలో ఏం తిన్నాడో" అని పయనీర్ డే నాడు పులిహోర చేసి ఊరందరికీ పెట్టేవారు. తల్లి పోయి బందరు వెళ్ళిన ఒక్క ఏడు తప్ప, 2019 దాకా ఒక్కసారీ మానలేదు. వీధిలో పిల్లలు కూడా ఆవిణ్ణి చూస్తే "ప్రెజెంట్ సార్!" అని అరిచేవారు. ఆ ఊళ్ళో ఆవిడకి చర్చి లేదు, చుట్టం లేదు, భాష లేదు. సైలస్ ఉన్నాడు.

2020లో కోవిడ్ వల్ల పిలుపు జరగలేదు. ఆ డిసెంబరులో ఆవిడ పోయారు. మరుసటి జూలైలో వాసుదేవరావు గారు ఒక్కరే వెళ్ళి, ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోట, వెనకాల చెట్టుకింద కుర్చీ వేసుకున్నారు. యాభై మూడో పేరు వచ్చింది. పలకాలనే వెళ్ళారు. నోరు పెగల్లేదు. తల వంచుకుని కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం అయిపోయాక తర్వాతి పేరు వచ్చింది. ఆ మరుసటేడూ అంతే. నాలుగేళ్ళు అంతే.

"ముప్ఫై ఏళ్ళు కొంగు పట్టి లాగినవాణ్ణి అమ్మాయ్" అన్నారొకసారి నాతో. "ఇప్పుడు నన్ను లాగేవాళ్ళు లేరు, అయినా నేను ఒక్క మాట అనలేకపోతున్నాను."

ఈ ఏడాది అంటాను అని జనవరిలోనే చెప్పారు. ఊరికే అనడం కాదు, ఆ సైలస్ ఎవడో తెలుసుకుని మరీ అంటారట. అందుకు దారి కూడా దొరికింది. ఎవరో పాత కొట్టం పడగొడుతుంటే ఆ కంపెనీ సార్జంటు రాసుకున్న దినచర్య బయటపడి మ్యూజియంకి చేరింది. గొలుసు రాత, వెలిసిపోయిన సిరా. ఈ కాలం పిల్లలకి గొలుసు రాత రాదు, లారూకి కళ్ళు ఆనవు. డాక్టరు రాత తప్ప లోకంలో ఏ రాతా తనకి కష్టం కాదని ఈయన ముందుకొచ్చారు. రోజుకి రెండు పేజీలు చదివి కంప్యూటర్లో టైపు చేసేవారు. నేను వెళ్ళినప్పుడల్లా ఒక ముక్క చదివి వినిపించేవారు. ఫలానా రోజు పిండి అయిపోయింది, ఫలానావాడి కాలు మంచుకి నల్లబడింది. ఆయన గొంతులో అంత హుషారు నేను అంతకుముందు వినలేదు.

జూన్ రెండో వారంలో ఫోను చేశారు. "శనివారం రాగలవా? ఒకటి చూపించాలి."

వెళ్ళాను. వంటింటి బల్ల మీద ఆ పుస్తకం, భూతద్దం. ఆయన గడ్డం గీసుకోలేదు, పైగుండీ పెట్టుకోలేదు. పేజీ నా వైపు తిప్పి, వరస వెంట వేలు పెట్టి తెలుగులో చదివారు.

"కెప్టెన్ పై అధికారికి అరవై రెండు అని చెప్పేశాడు. ఒకడు రోగంతో దారిలోనే వెనక్కి పోయాడు, మేం అరవై ఒకటే. చెప్పిన లెక్క మార్చడం దేనికి, ఒక మనిషిని పుట్టించు అన్నాడు. సైలస్ గ్రీవ్ అని రాశాను. రోజూ సాయంత్రం పేర్లు పిలిచేది నేనే, సైలస్‌కి గొంతు మార్చి పలికేదీ నేనే."

ఇంకో పేజీ తిప్పారు. "కుర్రవాళ్ళకి తెలిసిపోయింది. కాపలా సైలస్‌ది అంటారు, మిగిలిన రొట్టె సైలస్‌ది అంటారు. ఏ అర్ధరాత్రో ఒంటరిగా నిలబడ్డప్పుడు సైలస్ తోడున్నాడని ఒకడు నాతో నిజంగానే చెప్పాడు." ఏప్రిల్ పేజీ ఆఖరిది. "గవర్నరు వెళ్తుంటే నెగడు నుంచి నెగడుకి పరిగెత్తాం. ఒక్కొక్కణ్ణీ నాలుగుసార్లు చూసి ఉంటాడు. ఈ రాత్రి మేమందరం సైలస్‌లమే."

నేను నవ్వాను. ఆయన మొహం చూసి ఆపేశాను.

"మనిషే లేడమ్మాయ్" అన్నారు. "ఆవిడ ముప్ఫై ఏడేళ్ళు లేని మనిషికి పలికింది."

"అయితే ఏమైంది?"

"లారూకి చెబితే పేరు కొట్టేస్తుంది. కొట్టెయ్యాలి కూడా. కొట్టేస్తే ఆండాళ్ ఈ ఊళ్ళో ఎక్కడుంటుంది?"

నేను ముక్కుసూటి మనిషిని. "ఈ రాత చదవగలిగేది మీరొక్కరే. ఆ రెండు పేజీలు టైపు చెయ్యకండి. పుస్తకం అట్టపెట్టెలోకి పోతుంది. జూలైలో వెళ్ళి ప్రెజెంట్ సార్ అని రండి. ఎవరికి నష్టం?" అన్నాను. తప్పులు పట్టుకునే ఉద్యోగం చేసేదాన్ని, తప్పు దాచమని చెప్పాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

ఆయన పుస్తకం మూశారు. "నూట ఇరవై మందిని చంపారని లారూ ప్రతి పండక్కీ లేచి చదువుతుంది. చంపినవాళ్ళు వాళ్ళ తాతలే అమ్మాయ్. అది విన్న చెవులతో నేను ఇది దాచలేను" అన్నారు. "ఆ చెవులు సరిగ్గా వినపడవుగా" అనబోయి మింగేశాను.

మ్యూజియంకి నేనే డ్రైవ్ చేశాను. లారూ ఆయన టైపు చేసిన కాగితాలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివింది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, నేను తెలుగులో రాస్తున్నాను.

"నలభై ఏళ్ళు వెతికాను వీడి కోసం" అంది. తర్వాత ఆయనకేసి చూసి, "మీరేమంటారు డాక్టర్ రావ్?" అని అడిగింది.

"లేని మనిషిని ఉన్నాడని పిలవకూడదు. తీసెయ్యండి" అన్నారాయన.

"నిజంగానే? మీకు అదే కావాలా?"

"అదే కావాలి."

ఆవిడ ఇంకేదో అనబోయింది. ఈయన అప్పటికే టోపీ పెట్టుకుంటున్నారు. కార్లో, "ఎకో కాన్యన్ వైపు ఒకసారి పోనీ" అన్నారు. ఎర్ర కొండల కింద కారు ఆపాను. ఆయన దిగి, పైన రాళ్ళ గోడ ఉన్న వైపు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అరిచారు. పేరుకి అది ఎకో కాన్యన్, ప్రతిధ్వనుల లోయ. ఇంటర్‌స్టేట్ ఎనభై హైవే మీద లారీలు, పక్కన గూడ్సు రైలు. ఆయన ఏమరిచారో పది అడుగుల దూరంలో ఉన్న నాకే వినపడలేదు.

జూలై ఇరవై నాలుగు. ఎండ మండిపోతోంది. పచ్చిక నిండా మడత కుర్చీలు, ఐస్ పెట్టెలు, జెండాలు. చెట్టుకింద ఆయన పక్కన కూర్చున్నాను. నాకు చేతనైనట్టు పులిహోర చేసి తెచ్చాను. ఉప్పు ఎక్కువే వేశాను. లారూ కొత్త రిజిస్టరు తెరిచి, ముందు ఆ రెండు వాక్యాలు చదివింది. తర్వాత పేర్లు. యాభై ఒకటి. యాభై రెండు. లారూ ఆగలేదు. యాభై నాలుగో పేరువాడు ఇప్పుడు యాభై మూడు. ఎవడో కుర్రాడు పిజ్జా నములుతూ "హియర్" అన్నాడు. అరవై ఒకటితో అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికైనా ఏదైనా లోటు అనిపించిందో లేదో నాకు తెలియదు.

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఏడ్చినట్టు తెలిసిపోతుందని ఊరుకున్నారనుకుంటాను.

జనం పలచబడ్డాక లారూ మెల్లగా నడిచి వచ్చింది. చేతిలో పాత రిజిస్టరు. "మ్యూజియంకి నకలు తీయించాను. అసలు మీ దగ్గరుండాలి. ఆండాల్ టిక్కులు ఉన్నాయి ఇందులో" అని ఒళ్ళో పెట్టింది.

యాభై మూడో వరుస. 1982 నుంచి పెన్సిల్ టిక్కులు, ప్రతి టిక్కు పక్కనా బుల్లి A. మధ్యలో ఆవిడ బందరు వెళ్ళిన ఏటి ఖాళీ గడి. ఆయన వేలితో ఒక్కొక్కటే తడుముతున్నారు. నేను పక్కనుంచి తొంగి చూశాను. నా పాడు బుద్ధి ఊరుకోదు కదా.

"డాక్టరు గారూ, ఇందులో తప్పుంది" అన్నాను. "2020 ఖాళీగానే ఉంది. ఆ తర్వాత కూడా నాలుగు టిక్కులున్నాయి. A కూడా ఉంది."

వినపడేలా ఇంకోసారి చెప్పాను. ఆయన భూతద్దం తీశారు. నిజమే. 2021, 22, 23, 24. వణికిన గీతలు.

"ఇవెవరు పెట్టారు?" అన్నారు.

లారూ ఆయన్ని వింతగా చూసింది. "నేనే."

"ఎవరూ పలకలేదుగా?"

"నేను పలికాను కదా డాక్టర్ రావ్. ప్రతి ఏడూ. పేరు పిలిచి, మైకు పక్కకి తిప్పి, ఆవిడలాగే. ప్రెజెంట్ సార్ అని." ఆ రెండు మాటలూ బందరు యాసలో అంది, ముప్ఫై ఏడేళ్ళు విన్న మనిషి కదా. "ముందు వరసలవాళ్ళందరికీ తెలుసు. మీరు తల వంచుకునేవారు. వింటున్నారనే అనుకున్నాను."

ఆయన ఆ నాలుగు గళ్ళ మీద వేలు పెట్టారు.

"ఆ కాగితాలు మీరే తెచ్చి ఇచ్చినప్పుడు," లారూ గొంతు మొదటిసారి చిన్నదైంది, "నేను అలా పలకడం మీకు కష్టంగా ఉందేమో, ఇక ఆపమని చెప్పడానికి వచ్చారేమో అనుకున్నాను. అందుకే రెండుసార్లు అడిగాను."

నాకు ఆ క్షణాన ఇద్దరి మీదా కోపం వచ్చింది. నాలుగేళ్ళు! ఇరవై గజాల దూరంలో. ఒక్క మాట అడిగితే పోయేది, ఒక్క మాట చెబితే పోయేది. ఇద్దరూ మర్యాదస్తులు, అందుకే ఇంత పని జరిగింది.

"మళ్ళీ రాయమంటారా?" అని అడిగింది లారూ.

ఆయన తల అడ్డంగా ఊపారు. "లేడుగా" అన్నారు. తర్వాత లేచి నిలబడి, నలభై నాలుగేళ్ళ పరిచయంలో మొదటిసారట, ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ ఏడ్చింది. ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని కారు వైపు నడిచారు.

ఇంటికి చేరాక చొక్కా కూడా మార్చుకోకుండా పడకగది డ్రాయరు లాగి, ఆ చిన్న డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. "ఇది ఎలా పెట్టాలో చూడు."

కాగితం చదివి, ఛార్జింగ్ పెట్టి, గంట ఆగి, రెండు చెవుల్లోనూ అమర్చాను. ఆయన వంటింటి బల్ల దగ్గర కదలకుండా కూర్చున్నారు. ఎవరైనా పిలుస్తారేమోనన్నట్టు తల కొంచెం పక్కకి వంచారు. నేను మాట్లాడలేదు. అంతసేపు మాట్లాడకుండా ఉండడం నా వల్ల అయిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

"ఏదో మోత" అన్నారు చివరికి.

"ఫ్రిజ్ అండీ."

"ఇంత మోత చేస్తుందా?" మళ్ళీ విన్నారు. ఇల్లంతా అదొక్కటే చప్పుడు. "ఆండాళ్ ఉన్నప్పుడు కూడా చేసేదా?"

నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఆ ఇంట్లో ఆ జవాబు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.